పస్తుండి రక్తమివ్వబోయిన పూట

మా సంఘంలో ఎవరింట పెళ్ళి జరిగినా నన్ను మొదటి బంతిలోనే కూర్చోబెడతారు. ఇది నా పెద్దరికానికి దక్కిన గౌరవమని కొత్తగా వచ్చినవాళ్ళు అనుకుంటారు. గౌరవం కాదు, భయం. "సామేలన్న తిన్నడా లేదా? ముందుగాల ఆయనకు పెట్టుండ్రి, ఆయన ఆకలి మీదుంటే ఊరికి మంచిది కాదు" అని వంటవాళ్ళతో చెప్పడం నా చెవులారా విన్నాను.

ఆ భయం ఊరికే పుట్టలేదు. దాని వెనుక ఒక ఘోరం ఉంది. ఆ ఘోరం వల్ల ఒక మనిషి ప్రాణం పోవలసింది. చేసినవాడు తాగుబోతు కాదు, దొంగ కాదు. గోదావరిఖని మొత్తానికి తనంత భక్తిపరుడు లేడని తనకు తానే సర్టిఫికెట్ ఇచ్చుకున్న ఒక యువకుడు. అంటే నేనే.

డెబ్బయ్యవ దశకం మొదటి రోజులవి. నేను గని మీద ల్యాంపురూములో పనిచేసేవాణ్ణి. భూమిలోకి దిగే ప్రతి కార్మికుడికీ టోపీకి తగిలించుకునే దీపం ఇవ్వాలి, పైకి వచ్చాక తిరిగి తీసుకోవాలి. కంపెనీ నన్ను చేయమన్నది అంతే. నేను మాత్రం దీపంతోపాటు ప్రతి మనిషికీ నాలుగు హితవాక్యాలు కూడా ఇచ్చేవాణ్ణి. కిటికీ ముందు వరుస కదిలేది కాదు. వెనుకనుంచి కేకలు వచ్చేవి.

"అన్నా, దీపం ఇప్పుడియ్యి, బోధ పైకొచ్చినంక తీస్కుంటం! సైరన్ కూసింది!"

నేను బాధపడేవాణ్ణి కాదు. నీతిమంతులకు ఇవన్నీ మామూలే అనుకునేవాణ్ణి. ఆదివారపు బడిలో పెరిగినవాణ్ణి, వాక్యాలు కంఠస్థం చేసి బహుమతులు తెచ్చుకున్నవాణ్ణి. వారంలో రెండు రోజులు ఉపవాసం ఉండేవాణ్ణి. ఉపవాసం ఎవరికీ తెలియకుండా చేయాలన్నది కూడా నాకు బాగా తెలుసు. అందుకే, నేను ఎవరికీ తెలియకుండా ఉపవాసం చేస్తున్నానని కనబడ్డవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి.

మా ప్రార్థనామందిరం రేకుల షెడ్డు. ఒక వేసవిలో గాలివాన వచ్చి ఆ రేకులను ఎత్తుకుపోయింది. మేము చేతులు కట్టుకుని ఆకాశం వైపు చూస్తూ ప్రార్థిస్తుండగా, డ్యూటీ దిగి ఇళ్ళకు పోతున్న, గనిలో బొగ్గు ఎత్తే ఫిల్లర్లు ఆగారు. ఒక్కరూ మా సంఘం వాళ్ళు కారు. మొహాలకు అంటిన బొగ్గు అయినా కడుక్కోకుండా దూలాలు భుజానికెత్తుకున్నారు. వాళ్ళలో ముందున్నవాడు ఓదెలు. మా అయ్యగారు, అంటే మా పాస్టరుగారు, కూలి ఇవ్వబోతే అతను చేతులు వెనక్కి పెట్టుకున్నాడు.

"దేవుని ఇంటికి కప్పేస్తె కూలి తీస్కుంటరా అయ్యా? మేం దినాం గని కప్పు కిందనే పని చేస్తం. అది మీద పడొద్దని మొక్కుకుంటం. మీ కప్పు మేం ఏస్తె, మా కప్పును ఆయన సూస్కుంటడు."

ఆ ఓదెలుకు ప్రమాదం జరిగింది. కప్పు పడలేదు. బొగ్గు నింపిన టబ్బు, అంటే పట్టాల మీద నడిచే ఇనప బండి, గొలుసు జారి అతని తొడ మీదికి వచ్చింది. కంపెనీ దవాఖానలో పడుకోబెట్టారు. మరునాడు అతని భార్య రాజవ్వ ల్యాంపురూము కిటికీ దగ్గరికి వచ్చింది. ఆమె మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అన్నా, రేపు పొద్దుగాల ఆపరేషనట. రక్తం కావాలెనట. మా వాడకట్టోళ్ళను అడిగిన. రక్తమిస్తె మళ్ళ బొగ్గు తట్ట లేపే బలం రాదని భయపడుతున్నరు. నా రక్తం కలుస్తలేదట. మీ గుడోళ్ళు నలుగురు కలిసుంటరు గద, జెర వస్తరా? ఎవలది కలుస్తదో తెల్వదట, మందిని తోలుకరమ్మన్నడు డాక్టర్. సుబ్బరంగ తిని రమ్మన్నడు."

"ఫికర్ చెయ్యకు చెల్లే. మేమంత వస్తం" అన్నాను. ఆ దూలం మోసిన భుజం నా కళ్ళముందు కనిపించింది. ఇంతవరకు నేను చేసినది మంచిదే. అక్కడితో ఆగి, ఇంటికి పోయి, తిని పడుకుని ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఆమె చివరన చెప్పిన మాట, తిని రమ్మన్న మాట, నా చెవిలో పడింది. కానీ దాన్ని నేను మర్యాద అనుకున్నాను. మీరే చెప్పండి, మన వైపు ఎవరింటికి పోయినా "తిన్నరా? బుక్కెడు తిని పోండ్రి" అని అనకుండా ఉంటారా? చావింటికి పోయినా అంటారు. డాక్టరు కూడా అలాగే అన్నాడనుకున్నాను.

అయ్యగారు ఆ వారం వేరే ఊళ్ళో కూటాలకు వెళ్ళారు. యౌవనస్థుల పెద్దను నేను. పిల్లి లేని ఇంట్లో ఎలుక రాజ్యమేలుతుందంటారు. మా మందిరంలో ఆ సాయంత్రం ఎలుక ప్రసంగపీఠమే ఎక్కింది.

"రేపు మనం ఇచ్చేది బియ్యం కాదు, చందా కాదు. రక్తం! ప్రాణముండేది దాంట్లనే. అసొంటి కానుకను తిని, తేన్చుకుంట ఇస్తమా? ఇప్పటిసంది రేపు రక్తమిచ్చేదాంక ఉపవాసం. అందరు ఒప్పుకుంటె ఆమెన్ అనుండ్రి!"

ఆమెన్ వచ్చింది. తడిసిన టపాకాయలా వచ్చింది.

మా అక్క భర్త యోహాను బావ లేచాడు. టబ్బులను లాగే హాలేజీలో పనిచేసే భారీ మనిషి. భోజనం దగ్గర ఆయన చూపే ఏకాగ్రత నేను ప్రార్థనలో కూడా చూపలేదు.

"బామ్మర్దీ, ఆ పొల్ల వచ్చినప్పుడు నేను అక్కడ్నే ఉన్న. డాక్టర్ తిని రమ్మన్నడని చెప్పింది గద?"

"డాక్టర్ శరీరానికే డాక్టర్ బావా."

"రక్తం తీసేది శరీరంలకెల్లే గదనే?"

"విశ్వాసం లేని మాట!"

"సరే గని, చాయ్?"

"చాయ్ గూడ ఉపవాసంల లేదు."

"చక్కెర లేకుంట?"

నేను కళ్ళు మూసుకుని ముగింపు ప్రార్థన మొదలుపెట్టాను. వాదనలో ఓడిపోతున్నప్పుడు అది నా అలవాటు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు, నేను ఆ సాయంత్రం సంఘంవాళ్ళ ఆకలిని దానం చేసి ఇంటికి వెళ్ళాను. నేను మాత్రం మాటకు కట్టుబడ్డాను. మంచినీళ్ళు కూడా ముట్టలేదు.

తెల్లవారింది. మే నెల. మా బొగ్గు నేల మీద మే నెల ఎలా ఉంటుందో తెలియనివాళ్ళకు చెప్పడం కష్టం. పొద్దు పొడవకముందే రోడ్డు పెనంలా ఉంటుంది. మందిరం ముందు అందరూ చేరారు. ఒక్కొక్కరినీ నిలబెట్టి అడిగాను.

"ఏమన్న ముట్టినవా?"

"లేదన్నా."

"నువ్వు?"

"ఏం ముట్టలే."

మార్తమ్మ అవ్వ మా అందరిలో పెద్దది. ఆమెను అడగబోతే, "నన్నేం అడుగుతవు బిడ్డా, నా నోట్ల పళ్ళే లేవాయె" అంది. అంతకంటే రుజువు అక్కరలేదనుకున్నాను.

యోహాను బావ దగ్గరికి వచ్చేసరికి గుప్పున వేయించిన ఉల్లిగడ్డ వాసన, నువ్వుల వాసన కొట్టింది. ఆకలితో ఉన్న నన్ను సాతాను శోధిస్తున్నాడని గ్రహించి, ముక్కు మూసుకుని, వాణ్ణి మనసులోనే గద్దించాను.

పాట అందుకుని నడిచాం. వెనుక వాళ్ళ గొంతులు ఖంగుమంటున్నాయి. నా గొంతు మాత్రం ఎండిన బావిలో చేద తగిలినట్టు గరగరలాడుతోంది. పస్తులుండి కూడా ఎంత బలంగా పాడుతున్నారు, ఉపవాస మహిమ అంటే ఇదే కదా అని నాకు కన్నీళ్ళు వచ్చాయి.

దవాఖానలో నర్సమ్మ అందరి వేళ్ళనుంచి తలా ఒక చుక్క తీసుకుని లోపలికి వెళ్ళింది. డాక్టరు బయటికి వచ్చి, ముగ్గురివే కలిశాయన్నాడు. నాది, యోహాను బావది, దానియేలుది. దానియేలు కొత్తగా పనిలో చేరిన కుర్రవాడు.

"ఈ ముగ్గురిదీ కావాలి. ఒక్కటి తక్కువైనా నేను కత్తి పట్టుకోలేను" అన్నాడు డాక్టరు.

రాజవ్వ తలుపు పక్కన నిలబడి ఉంది. ఆ మాట విని మా ముగ్గురి వైపు చూసి చేతులు జోడించింది. ఆ చూపు నేను మరిచిపోలేదు.

నాయకుణ్ణి కదా, ముందు నేనే పడుకున్నాను. తినే రమ్మని చెప్పి పంపారు కాబట్టి నర్సమ్మ మళ్ళీ అడగలేదు. నేను చెప్పలేదు. సూది గుచ్చింది. సన్నటి గొట్టంలోంచి నా రక్తం గాజు సీసాలోకి దిగుతోంది. "అల్పుడనైన నా కానుకను..." అని పెద్దగా ప్రార్థన మొదలుపెట్టాను. పైనున్న ఫ్యాను ఒకటి కాస్తా మూడయింది. మూడు ఫ్యాన్లూ కలిసి కిందికి దిగివచ్చాయి. ప్రార్థన మధ్యలో ఎక్కడ ఆగిందో నాకు తెలియదు. మావాళ్ళు తరువాత చెప్పిన ప్రకారం, "కానుకను" అన్న మాటకు "బువ్వ" అన్న మాట జతచేసి, కళ్ళు తేలవేసి, మంచం మీదినుంచి జారి, స్టాండును కౌగిలించుకుని నేలకు దిగానట. నర్సమ్మ ఒక చేత్తో సీసాను పట్టుకుని, రెండో చేత్తో నా జుట్టు పట్టుకుని ఆపిందట. సీసాలో అడుగున తడి తప్ప ఏమీ లేదు.

నాకు తెలివి వచ్చేసరికి వార్డులో ఒక మంచం మీద ఉన్నాను. రక్తం తీయవలసిన చేతికి గ్లూకోసు ఎక్కుతోంది. పక్క మంచం మీదినుంచి ఎవరో మెల్లగా పిలుస్తున్నారు. తల తిప్పాను. ఓదెలు. తొడ నిండా కట్లు, పెదవులు తెల్లగా పాలిపోయి ఉన్నాయి. అయినా నా వైపు జాలిగా చూస్తూ అడిగాడు.

"సామేలన్నా, నీ మీద ఏం పడ్డదే? టబ్బా, బండా?"

గనిలో పనిచేసేవాడు గనిలో పనిచేసేవాణ్ణి దవాఖానలో చూస్తే అడిగే మొదటి ప్రశ్న అదే. నా మీద ఏం పడిందో నేనేమని చెప్పను? నా భక్తే నా మీద పడిందని చెప్పనా?

అంతలో వరండాలోంచి డాక్టరు గొంతు గట్టిగా వినబడింది.

"ఏం తిన్నాడు ఇతను?"

మార్తమ్మ అవ్వ జవాబు. "ఏం తినలేదు బాంచెన్. ఉపవాసమున్నడు."

"రక్తం ఇవ్వడానికి ఉపవాసమా! ఎవరు చెప్పారు?"

"ఆయనే చెప్పిండు."

"ఎవరికి?"

"అందరికి."

అప్పుడు డాక్టరు గొంతు తగ్గించి అన్న మాట, కేకకన్నా ఘోరంగా తగిలింది నాకు. "అందరూ పస్తులున్నారా? అయితే ఎవరి దగ్గరా తీయను. మరొకరు పడిపోతే నేనెవరికి జవాబు చెప్పాలి? ఆపరేషన్ ఆపేయండి. కానీ ఆ కాలు సాయంత్రందాకా ఆగదు. ఆమెకు నేనేం చెప్పాలో మీరే చెప్పండి."

రాజవ్వ గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుందట. ఏడవలేదట. వార్డులో ఓదెలు కళ్ళు మూసుకున్నాడు. అన్నీ విన్నాడు. నేను లేవబోయాను, గోడలు తిరిగాయి. నా జీవితంలో అంత నిజమైన ప్రార్థన అంతకుముందు చేయలేదు. దానిలో ఒక్క మాట కూడా కంఠస్థం చేసింది కాదు. "ప్రభువా, వీళ్ళలో ఎవడో ఒకడు నా మాట వినకుండా ఉంటే బాగుండు" అన్నాను.

నేను చేసిన ప్రార్థనల్లో అంత త్వరగా జవాబు వచ్చినది మరొకటి లేదు.

"డాక్టర్ సాబ్," యోహాను బావ గొంతు. "నేను తిన్న."

"ఏం తిన్నావు?"

"సర్వపిండి. మా ఇంటామె చేసింది. ఒకటి... అంటే, ఒకటి అయినంక ఇంకోటి. మీద పెరుగు. గింత చాయ్."

"శభాష్!" అన్నాడు డాక్టరు.

సర్వపిండి చేసిన ఆ ఇంటామె మా అక్క. నా తోడబుట్టిన అక్క! మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒకే గోడ. నేను గోడకు ఇవతల మోకాళ్ళ మీద ఉన్నప్పుడు అవతల పెనం మీద పిండి కాలింది.

"నువ్వో?" డాక్టరు దానియేలును అడిగాడు.

"మా అవ్వ జొన్న గట్క పెట్టింది సార్. వద్దన్న. కొడ్తనన్నది. రెండు గిన్నెలు తాగిన."

"చాలా మంచి అవ్వ! పద లోపలికి."

అక్కడితో అయిపోవలసింది. కానీ మా సంఘంలో ఒకరు సాక్ష్యం చెప్పడం మొదలుపెడితే ఆగదు. రక్తం కలవనివాళ్ళు కూడా ముందుకు వచ్చి పాపాలు ఒప్పుకోవడం మొదలుపెట్టారు. "నేను రాత్రి అన్నంల చింతపులుసు పోస్కొని తిన్న సార్." "నేను పుట్నాలు బుక్కిన, ఆకలికి నిద్ర పట్టలె." ఒకతను ఏడుస్తూ, పాట పాడుకుంటూ నడిచేటప్పుడు కూడా బుగ్గలో బెల్లం ముక్క పెట్టుకున్నానని చెప్పాడు. చివరికి మార్తమ్మ అవ్వ గొంతు విప్పింది.

"నేను చాయ్ల రొట్టె ముంచుకొని తిన్న బిడ్డా. దేవుడు చూసిండు గని, సామేల్ చూడలె."

"చాలు, చాలు! కలిసినవాళ్ళు చెబితే చాలు!" డాక్టరు నవ్వు ఆపుకోలేకపోతున్నాడని గొంతులోనే తెలిసిపోయింది. ఇక తక్కువైన ఒక్క సీసా కోసం జీపు పంపి, వేరే గని మీదినుంచి, రక్తం కలుస్తుందని దవాఖానకు ముందే తెలిసిన, డ్యూటీ దిగి అప్పుడే తిని కూర్చున్న ఒకాయనను తీసుకువచ్చారు. ఓదెలును లోపలికి తీసుకెళ్ళారు.

ఆ గుంపు మొత్తంలో నిజంగా పస్తున్నవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ రోజు ఎందుకూ పనికిరానివాణ్ణి కూడా నేనొక్కణ్ణే.

మధ్యాహ్నం రాజవ్వ నా మంచం దగ్గరికి వచ్చింది. చేతిలో గంజి గిన్నె. ఆపరేషన్ ఇంకా నడుస్తోంది. తలుపు ఎప్పుడు తెరుచుకుంటుందా అని చూస్తూ చూస్తూ, ఆ చూపును బలవంతాన ఇటు తిప్పుకుని వచ్చింది.

"తాగు అన్నా. సిస్టరమ్మ ఇమ్మన్నది."

సిగ్గుతో నేను మొహం గోడవైపు తిప్పుకున్నాను. అప్పటికీ నాలోని మొండితనం చావలేదు చూడండి. "రక్తమిచ్చేదాంక మొక్కు ఉన్నది చెల్లే" అన్నాను.

"మొక్కు నాకోసమే గద మొక్కినవ్? నేను ఇడుస్తున్న. నీ దేవునికి నేను చెప్పుకుంట. తాగు."

ఆమె చెంచాతో పోసింది. నేను తాగాను. గంజిలో ఉప్పు ఉంది. అది ఆమె వేసిన ఉప్పో, నా కళ్ళలోంచి వచ్చిందో నాకు తెలియలేదు. మేలుకు మేలు చేద్దామని వెళ్ళినవాడికి, భర్త చావుబతుకుల్లో ఉన్న మనిషి అన్నం పెడుతోంది. వాక్యం తెలిసినవాణ్ణి నేను. దాని ప్రకారం నడుస్తున్నది ఆమె.

సాయంత్రం తలుపు తెరుచుకుంది. ఓదెలు బతికాడు. కాలు కూడా నిలిచింది, కొంచెం కుంటు మిగిలింది.

ఆదివారానికి అయ్యగారు తిరిగి వచ్చారు. ఎవరో చెప్పేకంటే నేనే చెప్పడం మేలని మొత్తం చెప్పాను. సర్వపిండి దగ్గర ఆయన నవ్వారు. మార్తమ్మ అవ్వ రొట్టె దగ్గర కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"సామేల్, వాళ్ళందరు నీ మాట ఇని నిజంగనే పస్తుంటే?" అన్నారు.

నేను సూది గుచ్చిన చోటు తడుముకున్నాను.

"ఆకలికి తిన్నోళ్ళు నీకు భయపడి అబద్ధమాడిన్రు. అది గూడ ఆలోచించు" అన్నారు. ఇక ఆ మాట మళ్ళీ ఎత్తలేదు.

కొన్ని నెలలకు దవాఖాననుంచి మళ్ళీ కబురు వచ్చింది. టబ్బులు తోసే ఒక కార్మికుడి భార్యకు కాన్పు కష్టమయ్యేట్టుంది, రక్తం సిద్ధంగా ఉండాలన్నారు. ఆదివారం ఆరాధన చివరన అయ్యగారు, "పిలుపు సామేలే ఇస్తడు" అని కూర్చున్నారు. నేను పీఠం ఎక్కాను. మందిరమంతా బిగుసుకుపోయింది. యోహాను బావ రెండు చేతులతో పొట్టను కాపాడుకుంటున్నట్టు పట్టుకున్నాడు.

"రేపు పొద్దుగాల మనమంత దవాఖానకు పోవాలె" అన్నాను. "అందరు..."

ఒక్కరూ ఊపిరి పీల్చలేదు.

"...కడుపునిండ తిని రావాలె!"

"ఆమెన్!"

ఆ ఆమెన్‌కు రేకులు అదిరాయి. బయట కట్టేసిన మేక తెంచుకుని పరుగెత్తింది. ఎన్నో ఏళ్ళు ప్రసంగాలు చేశాను, పరలోకం గురించి చెప్పాను, నరకం గురించి చెప్పాను. అంత గట్టి ఆమెన్ మళ్ళీ రాలేదు. మరునాడు నర్సమ్మ నన్ను గుర్తుపట్టి, సూది పక్కన పెట్టి, ఏమేం తిన్నానో ఒకటొకటిగా చెప్పించుకుని, నా కడుపు మీద వేలితో తట్టి చూసి మరీ మంచం ఎక్కనిచ్చింది. సీసా నిండింది. ఫ్యాను ఒకటిగానే ఉంది.

కనుక మీ అందరి ఎదుట, పైనున్నవాని ఎదుట గంభీరంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట నా ఉపవాసం నా ఒక్కడి కడుపుతోనే చేస్తాను. పక్కవాడి పళ్ళెం జోలికి పోను. ఒకరికి ఏదైనా ఇవ్వవలసిన పూట మాత్రం, భక్తి ఎంత పొంగి పొర్లినా సరే, ముందు బువ్వ పెట్టించుకుని, మారు అడిగి వడ్డించుకుని, చేయి కడుక్కున్నాకనే లేస్తాను. ఆమెన్.